గాలిపటంతో ఆకాశ ఛాయాచిత్రణ

గాలిపటంతో ఆకాశ ఛాయాచిత్రణ అనగా ఎగురుచున్న గాలిపటం దారానికి కెమెరాను వేలాడదీసి, నేలపై గల దృశ్యాలను పైనుండి చిత్రించు ప్రక్రియ. దీనికి ఇంధనం గాని, విద్యుత్తు గాని అవసరం లేదు. గాలి ఒక్కటే ఆధారం. చెరువులు, తోటలు, పురాతన కట్టడాలు, వాగులు మున్నగువాటిని 30 నుండి 100 మీటర్ల ఎత్తు నుండి చూపుటకు ఈ పద్ధతి ఎంతో అనువైనది. ఉపగ్రహ చిత్రానికి ఈ ఎత్తు మరీ తక్కువ, చెట్టెక్కి తీసే చిత్రానికి మరీ ఎక్కువ.

గాలి తీరు, నేల తీరు ప్రాంతాన్ని బట్టి మారుతాయి. కనుక ఈ వ్యాసంలో చిత్తూరు జిల్లాలోని బంగారుపాళ్యం పరిసరాలను ఉదాహరణగా తీసుకొని, తక్కువ ఖర్చుతో ఈ పని ఎలా ప్రారంభించవచ్చునో వివరించడమైనది. క్రొత్తగా మొదలుపెట్టేవారు సాధారణంగా ఉన్న డబ్బంతా కెమెరాపై ఖర్చుచేసి, గాలిపటాన్ని, దారాన్ని అంగడిలో దొరికిన వాటితో సరిపెట్టుకుంటారు. ఇది తలక్రిందుల పద్ధతి. కెమెరా పాతదైనా చిత్రం వస్తుంది. దారం తెగితే కెమెరా పోవడమే గాక క్రింద ఉన్న మనిషికి ప్రమాదం కలుగుతుంది.

చరిత్ర

1858లో ఫ్రాన్స్ దేశస్థుడు నాదార్ బెలూన్ నుండి తొలి ఆకాశ ఛాయాచిత్రం తీశాడు. గాలిపటం నుండి తొలి చిత్రాలు తీసిన ఘనత అదే దేశానికి చెందిన ఆర్థర్ బాతూకు దక్కింది. ఆయన 1888లో దక్షిణ ఫ్రాన్స్‌లోని లాబ్రుగియేర్ అను ఊరిలో కెమెరాను గాలిపటానికే బిగించి ఎగురవేశాడు. షట్టరును కదల్చడానికి నెమ్మదిగా కాలే వత్తిని వాడాడు. వత్తి కాలి తీగను చేరేసరికి గాలిపటం తగిన ఎత్తుకు చేరుకొనేది. ఎత్తును తెలుసుకొనుటకు చిన్న వాయుభారమాపకాన్ని కూడా అమర్చాడు. తన అనుభవాలను 1890లో పుస్తకంగా ప్రచురించాడు.

1906 ఏప్రిల్ 18న సంభవించిన భూకంపానికి శాన్‌ఫ్రాన్సిస్కో నగరం నేలమట్టమైనపుడు, జార్జి లారెన్స్ అను అమెరికా ఛాయాచిత్రకారుడు 17 గాలిపటాలను ఒకే దారానికి వరుసగా కట్టి, సుమారు 2,000 అడుగుల ఎత్తు నుండి శిథిల నగరాన్ని చిత్రించాడు. ఈ విద్యలో నేటికీ వాడుకలో ఉన్న వేలాడు చట్రాన్ని 1912లో పియరీ పికావే రూపొందించాడు. విమానాలు వచ్చిన తరువాత గాలిపటం వెనుకబడినది. 2010లో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో చమురు బావి ప్రమాదం జరిగినపుడు మాత్రం తీర ప్రాంతపు సామాన్య పౌరులు బెలూన్లతోను, గాలిపటాలతోను తెట్టు వ్యాపించిన తీరును చిత్రించి పటాలు తయారుచేశారు. భారతదేశంలోని కట్టడాలను, నదీతీరాలను ఫ్రెంచి ఛాయాచిత్రకారుడు నికోలా షోరియే గాలిపటంతో చిత్రించగా, ఆ చిత్రాలు 2007లో గ్రంథరూపంలో వెలువడినవి.

గాలి, స్థలం

గాలిపటంపై గాలి చూపే బలం గాలి వేగం యొక్క వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. అనగా గాలి వేగం రెండింతలైతే లాగుడు నాలుగింతలవుతుంది. సుమారు 2.4 చదరపు మీటర్ల వైశాల్యం గల గాలిపటాన్ని గంటకు 20 కిలోమీటర్ల గాలి దాదాపు 4 కిలోల బలంతో లాగుతుంది. అదే గాలి 40 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంటే లాగుడు 16 కిలోలు దాటుతుంది. ఈ ఒక్క లెక్క మనసులో ఉంచుకొన్నవారు దారం విషయంలో పొరపాటు చేయరు.

ఈ పనికి గంటకు 12 నుండి 25 కిలోమీటర్ల వేగంతో నిలకడగా వీచే గాలి కావలెను. చెట్ల ఆకులు, సన్నని రెమ్మలు ఎడతెగక కదులుచుండుట దీనికి గుర్తు. నేలపై దుమ్ము, కాగితాలు లేచి తిరుగుచుంటే గాలి ఎక్కువైనదని గ్రహించి కెమెరాను సంచిలోనే ఉంచుట మేలు.

బంగారుపాళ్యం చిత్తూరు–పలమనేరు–బెంగళూరు జాతీయ రహదారిపై ఉన్నది. దీనికి పడమరగా మొగిలి కనుమ ఎక్కితే పలమనేరు పీఠభూమి వస్తుంది. జూన్ నుండి ఆగస్టు వరకు వీచే పడమటి గాలులు బలమైనవే. సరిహద్దుకు అవతల తమిళులు ఆడి గాలి అని చెప్పుకొనేది కూడా ఈ ఆషాఢపు గాలినే. అయితే ఈ గాలి పీఠభూమి అంచు నుండి క్రిందికి దిగి వచ్చునపుడు చెదరి, సుడులు తిరుగుతుంది. కనుమకు తూర్పున, కొండల నీడలో నిలిచి గాలిపటం ఎగురవేస్తే ఒక క్షణం దారం వదులవుతుంది, మరుక్షణం చేతిని కోసుకుపోయేంతగా బిగుస్తుంది. కొండకు వీలైనంత దూరంగా, మైదానంలో పని చేయవలెను. ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నాలలో వేడెక్కిన నేలనుండి గాలి నిట్టనిలువుగా లేస్తుంది. సాయంకాలం పిడుగులతో కూడిన జల్లులు పడుట కూడా ఆ నెలలలోనే. క్రొత్తవారికి సంక్రాంతి తరువాత, జనవరి, ఫిబ్రవరి నెలలలో ఎండ కాస్త ఎక్కిన తరువాత వీచే తేలికపాటి గాలి అనుకూలము.

అడ్డుగా ఉన్న చెట్టు గాని, ఇల్లు గాని తన ఎత్తుకు సుమారు పదింతల దూరం వరకు గాలిని చెదరగొడుతుంది. 8 మీటర్ల ఎత్తున్న మామిడి తోపు వెనుక 80 మీటర్ల వరకు గాలి మంచిది కాదన్న మాట. తోపును చిత్రించదలచినవారు గాలి వచ్చు వైపున ఉన్న ఖాళీ పొలంలో నిలిచి, గాలిపటాన్ని తోపు మీదికి పోనివ్వవలెను. చెరువు కట్ట కూడా మంచి స్థలమే. నీటి మీదుగా వచ్చు గాలి నున్నగా ఉంటుంది. గాలి చెరువు వైపు నుండి వీచునపుడు గాలిపటం పొలాల మీదికి పోవును గనుక కెమెరా నీటిలో పడు భయము కూడా తక్కువ.

గాలిపటం ఎంపిక

సంక్రాంతికి అంగళ్లలో అమ్ము కాగితపు గాలిపటాలు ఈ పనికి పనికిరావు. అవి పందేలకు ఉద్దేశించినవి. దారాన్ని వదిలితే గిరగిర తిరుగునట్లు, లాగితే చూచిన వైపుకు దూసుకుపోవునట్లు వాటిని చేస్తారు. కెమెరాకు కావలసినది దీనికి సరిగా వ్యతిరేకమైన గుణము. ఎవరూ పట్టించుకోకపోయినా ఒకేచోట స్థిరంగా నిలిచే గాలిపటం కావలెను.

తక్కువ ఖర్చుతో ఇంట చేసుకొనుటకు జపాను దేశపు రొక్కాకు అను ఆరు మూలల గాలిపటం అన్నిటికంటె మిన్న. దీనికి తోక అవసరం లేదు. తేలికపాటి గాలిలోనూ బరువు లేపుతుంది. 2 మీటర్ల పొడవు, 1.6 మీటర్ల వెడల్పుతో చేసిన రొక్కాకు వైశాల్యం పైన లెక్కలో చెప్పిన 2.4 చదరపు మీటర్లు. నిలువుగా 2 మీటర్ల కర్ర ఒకటి, అడ్డంగా 1.6 మీటర్ల కర్రలు రెండు చాలును. అడ్డకర్రల మధ్య దూరం 1 మీటరు ఉండవలెను. పై అడ్డకర్ర నుండి శిఖరానికి, క్రింది అడ్డకర్ర నుండి అడుగు మూలకు అర మీటరు చొప్పున మిగులుతుంది. వెదురు బద్దలను కత్తితో చెక్కి, మధ్యలో వేలిపై నిలిపినపుడు రెండు వైపులా సమానంగా తూగునట్లు చేయవలెను. ఈ తూకం తప్పితే గాలిపటం ఎప్పుడూ ఒక ప్రక్కకే ఒరుగుతుంది. తరువాత ఎన్ని సవరణలు చేసినా ఆ ఒరుగు పోదు.

గుడ్డ విషయంలో గొడుగు గుడ్డ వంటి పల్చని, గాలి చొరని నైలాన్ శ్రేష్ఠం. అది దొరకనిచో పల్చని పాలిథిన్ పట్టాను వెడల్పాటి టేపుతో అంచులు బిగించి వాడవచ్చును, కాని ఎండకు కొద్ది నెలలలోనే పెళుసెక్కుతుంది. నైలాన్ గుడ్డను ఊరిలోని దర్జీ చేత కుట్టించి, వెదురును వెదురు బుట్టలల్లువారి వద్ద కొంటే గాలిపటం ఖర్చు కొన్ని వందల రూపాయలతో సరిపోవును.

అడ్డకర్రలను వెనుకవైపున దారంతో విల్లులాగా వంచి కట్టవలెను. వంపు లోతు వెడల్పులో పదో వంతు, అనగా 16 సెంటీమీటర్లు ఉంటే చాలును. గాలిపటం నిలకడకు ఈ వంపే ముఖ్య కారణం. ఒక ప్రక్కకు ఒరిగినపుడు క్రిందికి వాలిన రెక్క గాలికి ఎక్కువగా ఎదురై తిరిగి లేస్తుంది. సూత్రాన్ని ఒక్కొక్క అడ్డకర్రకు రెండు చోట్ల చొప్పున నాలుగు చోట్ల కట్టి ముందువైపున ఒక ముడిలో కలపవలెను. ఈ ముడిని శిఖరం వైపుకు కొద్దిగా జరిపితే గాలిపటం గట్టి గాలిలో తక్కువగా లాగుతూ పైకెక్కుతుంది. అడుగు వైపుకు జరిపితే లాగుడు పెరుగుతుంది. ఒక సెంటీమీటరు మార్పుకే గుణం మారును గనుక ముడి జారునట్టిదై ఉండవలెను.

దారం

గాజుపొడి పూసిన మాంజాను గాని, చైనా మాంజాగా పిలువబడు నైలాన్ దారాన్ని గాని ఈ పనికి ఎంతమాత్రం వాడరాదు. ద్విచక్ర వాహనాలపై పోవువారి మెడలు తెగి మరణించిన ఘటనలు దేశంలో ఏటా సంక్రాంతి వేళ జరుగుచున్నవి. జాతీయ హరిత న్యాయస్థానం 2017 జూలై 11న ఇటువంటి మాంజాలను దేశమంతటా నిషేధించినది. దారాన్ని కోసే పదును వలన ఛాయాచిత్రకారునికి ఏ ప్రయోజనమూ లేదు. పైగా పికావే చట్రపు దారాలను అదే మొదట తెంపుతుంది.

అల్లిన పాలియెస్టరు దారం ఇందుకు తగినది. ఎంత బలమైనది కావలెనో పై లెక్కను బట్టే తెలుసుకొనవచ్చును. అనుకోని గాలి వచ్చినపుడు లాగుడు 16 కిలోలు. ముడి వేసిన చోట దారం బలం దాదాపు సగానికి పడిపోతుంది గనుక 32 కిలోలు. విసురు కొరకు, అరుగుదల కొరకు మరి రెండింతలు కలుపుకొంటే 64. కనుక కనీసం 70 కిలోల బరువును ఆపగల దారం 150 మీటర్లు కొనవలెను. అంతకంటె మరీ లావైన దారం తన బరువుతోనూ, గాలికి అడ్డుపడుటతోనూ గాలిపటాన్ని క్రిందికి గుంజుతుంది. మొత్తం ఖర్చులో పెద్ద భాగం ఇక్కడే పెట్టుట సమంజసము. చేతులకు తోలు తొడుగులు తప్పనిసరి. వేగంగా జారే దారం అరచేతిని కాలుస్తుంది.

కెమెరా, చట్రం

చట్రంతో సహా 400 గ్రాములకు మించని కెమెరా ఏదైనా సరిపోవును. పక్కన పడేసిన పాత డిజిటల్ కెమెరా గాని, తెర పగిలిన పాత స్మార్ట్‌ఫోను గాని ఉంటే క్రొత్తది కొననవసరం లేదు. నిర్ణీత వ్యవధికి ఒక చిత్రం దానంతటదే తీయు సౌకర్యం మాత్రం ఉండవలెను. ఫోన్లకు ఇటువంటి ఉచిత అనువర్తనాలు దొరుకుతాయి. పాత కేనన్ కెమెరాలలో పెక్కింటికి సి.హెచ్.డి.కె. అను ఉచిత సాఫ్ట్‌వేర్ ద్వారా ఈ సౌకర్యం కల్పించవచ్చును. 5 సెకండ్లకు ఒక చిత్రం చొప్పున 20 నిమిషాలలో 240 చిత్రాలు వస్తాయి. అందులో ఎక్కువ భాగం వంకరగానో, మసకగానో ఉండుట సహజం. పది మంచి చిత్రాలు వస్తే ఆ రోజు పని ఫలించినట్లే. షట్టరు వేగం సెకనులో వెయ్యవ వంతు, లేదా అంతకంటె తక్కువ కాలం ఉండునట్లు, దృష్టి అనంత దూరానికి నిలుచునట్లు ముందే అమర్చుకొనవలెను.

కెమెరాను గాలిపటానికి కట్టరాదు. గాలిపటానికి 20 నుండి 30 మీటర్ల దిగువన దారానికి వేలాడదీయవలెను. అప్పుడు గాలిపటం కుదుపులు కెమెరాకు అంతగా చేరవు. గాలిపటం కిందికి దూకినా కెమెరా వెంటనే నేలను తాకదు.

అన్నిటికంటె సులువైన చట్రం 2 లీటర్ల శీతలపానీయపు సీసా. అడుగు భాగాన్ని కోసివేసి, కెమెరా కన్ను కోసిన వైపున క్రిందికి చూచునట్లు లోపల బిగించి, మూతి వైపున దారం కడితే సీసా గోడ దెబ్బలనుండి కాపాడుతుంది. దీనితో నేలను నిట్టనిలువుగా చూపు చిత్రాలు వస్తాయి. మరి కొంత నిలకడ కావలెనంటే పికావే చట్రం చేసుకొనవలెను. సుమారు 25 సెంటీమీటర్ల పొడవు గల రెండు పుల్లలను శిలువ ఆకారంలో బిగించి, నాలుగు కొనలకు నున్నని కొక్కేలు తొడగవలెను. గాలిపటం దారంపై ఒక మీటరుకు పైగా ఎడంలో రెండు చోట్ల కొక్కేలు కట్టి, ఈ ఆరింటి గుండా ఒకే పొడవైన నైలాన్ దారాన్ని పైకీ క్రిందికీ నడిపి కొనలు కలిపివేయవలెను. గాలిపటం పైకెక్కి గుంజు దారం వాలు మారినపుడు ఈ సన్నదారం కొక్కేలలో జారి తనను తాను సర్దుకుంటుంది, శిలువ మాత్రం నేలకు సమాంతరంగానే ఉంటుంది. శిలువ మధ్యలో కెమెరాను అమర్చవలెను.

ఎగురవేయు విధానం

తొలి రోజులలో కెమెరాకు బదులు పావు లీటరు నీళ్లు పోసిన సీసాను కట్టి ఎగురవేయవలెను. దాని బరువు చిన్న కెమెరా బరువుకు సుమారుగా సమానము. మూడు వేర్వేరు దినాలలో ఆ సీసా చుక్క నీరు ఒలకకుండా పైకిపోయి క్రిందికి దిగి వచ్చినదంటే, గాలిపటాన్నీ, దానిని ఎగురవేయు వ్యక్తినీ కెమెరాకు నమ్మవచ్చును.

కెమెరాను కట్టు రోజున కూడా ముందు గాలిపటాన్ని ఒంటరిగా 50 మీటర్ల దారం వరకు వదిలి, పది నిమిషాలు గమనించవలెను. అది ఒకేచోట నిలిచినపుడే చట్రాన్ని తగిలించి, మిగిలిన దారాన్ని మెల్లగా వదలవలెను. దించునపుడు దారాన్ని చుట్టుట కంటె, కొనను చెట్టు మొదలుకు కట్టి, దారాన్ని తొడుగు వేసిన చేతితో పట్టుకొని గాలిపటం వైపుకు నడుచుట తేలిక. నడిచే కొద్దీ కెమెరా మనిషి చేతికే దిగి వస్తుంది. ఈ పనికి ఇద్దరు మనుషులు ఉండుట మంచిది.

ఎత్తును లెక్కించుటకు బడిలో వాడు కోణమానినికి దారంతో చిన్న బరువును కట్టి చూచిన చాలును. దారం నేలతో చేయు కోణం 30 డిగ్రీలైతే ఎత్తు వదలిన దారంలో సగం. 45 డిగ్రీలైతే నూటికి 70, 60 డిగ్రీలైతే నూటికి 86 పాళ్లు. దారం తన బరువుకు కొంత వంగును గనుక నిజమైన ఎత్తు దీనికి కాస్త తక్కువే ఉంటుంది.

ప్రమాదాలు, నిబంధనలు

60 మీటర్ల ఎత్తు నుండి జారిన వస్తువు, గాలి నిరోధాన్ని లెక్కించకపోతే, గంటకు 120 కిలోమీటర్లకు పైబడిన వేగంతో నేలను తాకుతుంది. అందుచేత జనం గుమిగూడిన తిరునాళ్లు, సంతలు, మామిడి మార్కెట్టు యార్డు వంటి చోట్ల ఎంత చక్కని దృశ్యం ఉన్నా గాలిపటంతో చిత్రించరాదు. తెగిన గాలిపటం ఉన్నచోట పడదు. గాలివాటున దారాన్ని ఈడ్చుకుంటూ చాలా దూరం పోతుంది. బంగారుపాళ్యం రహదారిపై లారీలు, బస్సులు, ద్విచక్ర వాహనాలు ఎడతెరిపి లేక పోతుంటాయి గనుక గాలి రహదారి వైపుకు వీచు రోజున ఆ దరిదాపులలో ఎగురవేయరాదు.

విద్యుత్ తీగలు అంతకంటె ప్రమాదకరమైనవి. మోటారు బావులున్న పొలాలలో 11 కె.వి. తీగలు లేని దిక్కు అరుదు. తడిసిన దారం విద్యుత్తును ప్రవహింపజేస్తుంది. ముందు రోజే స్థలాన్ని నడిచి చూచి, గాలివాటున దారం పొడవుకు రెండింతల దూరం వరకు తీగలు లేని చోటు ఎంచుకొనవలెను. చిక్కుకున్న గాలిపటాన్ని కర్రతో తీయబోవుట ప్రాణాంతకము. అది ఎంత విలువైనదైనా వదలివేసి విద్యుత్ సిబ్బందికి తెలియజేయవలెను. ఉరుము వినబడిన వెంటనే గాలిపటాన్ని దించవలెను.

1934 నాటి విమానాల చట్టం గాలిపటాన్ని కూడా విమానంగానే నిర్వచించినదని చాలామందికి తెలియదు. 2025 జనవరి 1 నుండి దాని స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్, 2024 అమలులోకి వచ్చినది. 2021 నాటి డ్రోన్ నియమాలు డ్రోన్లను ఉద్దేశించినవి. అయినప్పటికీ విమానాశ్రయాలకు, రక్షణ స్థావరాలకు దూరంగా ఉండుట, 60 మీటర్లకు మించి పోకుండుట, ముందుగా స్థానిక పోలీసు స్టేషనులో తెలియజేయుట వివేకవంతము. కెమెరా ఆకాశంలో కనబడితే జనం అనుమానించుట సహజం. ఈ ప్రాంతంలో రేణిగుంట విమానాశ్రయం, శ్రీహరికోట, తిరుమల కొండ పరిసరాలను పూర్తిగా విడిచిపెట్టవలెను. ఏనుగులు సంచరించు కౌండిన్య అభయారణ్యంలో అటవీ శాఖ అనుమతి లేనిదే అడుగుపెట్టరాదు. ఇళ్ల పెరళ్లు, స్నానపు రేవులు చిత్రంలో పడకుండా చూచుకొనుట, పొలం యజమానిని ముందుగా అడుగుట మర్యాద.

ఉపయోగాలు

సామాన్యమైన ఫోను కెమెరా 60 మీటర్ల ఎత్తు నుండి నిట్టనిలువుగా చూచునపుడు ఇంచుమించు 74 మీటర్ల పొడవు, 56 మీటర్ల వెడల్పు గల నేలను చూపుతుంది. ఇది ఒక ఎకరానికి కొంచెం ఎక్కువ. చిత్రంలో అడ్డంగా 4,000 చుక్కలుంటే ఒక్కొక్క చుక్క సుమారు 2 సెంటీమీటర్ల నేలకు సమానము. ఉచితంగా దొరకు సెంటినెల్–2 ఉపగ్రహ చిత్రాలలో ఒక చుక్క 10 మీటర్లు. పాత పద్ధతిలో 10 మీటర్ల ఎడంలో నాటిన తోతాపురి తోటలో ఉపగ్రహానికి ఒక్కొక్క చెట్టు ఒక్కొక్క చుక్క మాత్రమే. గాలిపటం చిత్రంలో ఎకరానికి గల 40 చెట్లనూ వేరువేరుగా లెక్కించవచ్చును, ఎండిన కొమ్మను గుర్తించవచ్చును, మధ్యలో చచ్చిన చెట్టు ఖాళీని చూడవచ్చును.

కొలతలకు పనికివచ్చు చిత్రం కావలెనంటే ఎగురవేయుటకు ముందే నేలపై నాలుగు చోట్ల ముగ్గుపిండితో ఒక మీటరు పొడవు గల శిలువ గుర్తులు వేసి, వాటి మధ్య దూరాలను టేపుతో కొలిచి వ్రాసుకొనవలెను. చిత్రంలో ఆ తెల్లని గుర్తులు స్పష్టంగా కనబడి స్కేలు తెలుపుతాయి. ప్రక్క ప్రక్క చిత్రాలలో మూడింట రెండు వంతుల నేల ఉమ్మడిగా ఉండునట్లు దారాన్ని పట్టుకొని మెల్లగా నడుస్తూ తీస్తే, ఓపెన్ డ్రోన్ మ్యాప్ అను ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వాటిని ఒకే పటంగా అతుకవచ్చును. క్యూజిస్ అను మరొక ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ పటాన్ని అక్షాంశ రేఖాంశాలకు సరిపెట్టవచ్చును.

ఊరి చెరువును ప్రతి నెలా ఒకే చోటు నుండి, ఒకే ఎత్తున చిత్రించుట ఈ ప్రాంతంలో ఎంతో ఉపయోగకరమైన పని. ఈశాన్య ఋతుపవనాల తరువాత నీరు ఎంతవరకు పరచుకొన్నది, ఏ నెలలో ఎంత తగ్గినది, తుమ్మ చెట్లు ఎక్కడ కమ్ముకొన్నవి, చెరువు లోపలికి దుక్కి ఎంత దూరం జరిగినది మున్నగునవి కాగితంపై వ్రాసిన దానికంటె తేటగా తెలుస్తాయి. అయితే ఈ చిత్రాలు సర్వే కొలతలు కావు. హద్దు తగాదాలలో ఎఫ్.ఎం.బి. పటమూ, సర్వేయరు కొలతయే ప్రమాణము. గాలిపటం చిత్రం కొలిపించవలసిన చోటు ఏదో చూపుటకు మాత్రమే పనికివస్తుంది. ఇందుకొరకు ప్రతి చిత్రానికి తేదీ, వేళ, నిలిచిన చోటు, వదలిన దారం పొడవు, కోణం ఒక నోటు పుస్తకంలో వ్రాసి ఉంచవలెను.